సఫీతా నుంచి వచ్చిన మేనకోడలు

1983. పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్. మొదటి సాక్షి తింటూ తింటూ టేబుల్ మీదే ఒరిగిపోయాడు. కాఫీలో విషం.

ఇక మిగిలింది ఇలియాస్ ఒక్కడే. అమెరికాలో తలదాచుకున్న సిరియన్లను వెతికి చంపుతున్న ముఠా నాయకుణ్ణి కళ్ళారా చూసిన ముసలాయన. సోమవారం కోర్టులో నోరు విప్పేదాకా ఆయన ప్రాణానికి ఏజెంట్ ఏసుపాదం పూచీ.

"ఇండియాలో సిరియన్ క్రిస్టియన్స్ ఉన్నారటగా. ఇలియాస్ చర్చివాడిలా ఆయనతో ఉండు. పర్‌ఫెక్ట్ కవర్," అన్నాడు చీఫ్.

"సర్, వాళ్ళు కేరళవాళ్ళు. నేను గుంటూరు లూథరన్ని."

"సేమ్ థింగ్."

ఏసుపాదానికి ఒళ్ళు మండింది. కానీ బాస్ బాసే.

సేఫ్ హౌస్‌లో మొదటి ప్రార్థనకి అలవాటు కొద్దీ షూస్ విప్పి నిలబడ్డాడు. ఇలియాస్ పడీ పడీ నవ్వాడు.

"సిరియాలో మా సఫీతా చర్చిలో ఎవరూ విప్పరయ్యా! ఆ రాతినేల చలికి కాళ్ళు కొయ్యబారిపోతాయి."

ఊరి గురించి మొదలుపెడితే ఆయన ఆపడు. కొండ నెత్తిన ఊరు, ఊరి నెత్తిన ఎనిమిది వందల ఏళ్ళ కిందట క్రూసేడ్ యోధులు కట్టిన తెల్లరాతి బురుజు. అందులో కింద చర్చి, పైన సైనికుల హాలు, నేల అడుగున నీళ్ళ తొట్టి. శత్రువు వస్తే ఊరంతా లోపలికి దూరి తలుపు వేసుకునేదట.

"ప్రార్థనా అక్కడే, ప్రాణం దాచుకునేదీ అక్కడే. అందుకే మేం ఎవర్నీ ఓ పట్టాన నమ్మం. నా మేనకోడలు సల్మా వేరు. పసిపిల్లప్పుడు చూడ్డమే. ఆదివారం ఊరి నుంచి వస్తోంది."

వచ్చింది. చూపు తిప్పుకోనివ్వని అందం. ముందే చెప్పిపెట్టిన కోడ్ వర్డ్ కరెక్ట్, పాస్‌పోర్ట్ కరెక్ట్, మెటల్ డిటెక్టర్ కిక్కురుమనలేదు. ముసలాయన ఏడుస్తూ కావలించుకున్నాడు. ఆమె చనువుగా వంటింట్లోకి వెళ్ళి యాలకుల కాఫీ కాచి తెచ్చింది.

ఏసుపాదానికి మొదటి సాక్షి గుర్తొచ్చాడు. కప్పు లాక్కుంటే, ఆమె నిజంగా సల్మానే అయితే, ముసలాయన మనసు విరిగిపోతుంది. మాటల్లో పెట్టాడు.

"నేనూ సిరియన్ క్రిస్టియన్నే, ఇండియాలో. బురుజు చర్చిలోకి మీరూ మాలాగే చెప్పులు విప్పి వెళ్తారు కదూ?"

"అఫ్‌కోర్స్! మన ఆచారమే కదా," అందామె తీయగా. "చిన్నప్పుడు ఎన్ని జతలు పోగొట్టుకున్నానో!"

ఇలియాస్ మొహం పాలిపోయింది. కానీ కప్పు అప్పటికే పెదవిని తాకబోతోంది. ఏసుపాదం ఒక్క దెబ్బతో దాన్ని గోడకేసి కొట్టాడు. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళేలోపే మెలితిప్పి బేడీలు వేశాడు.

"కోడ్ వర్డ్ ఎలా తెలిసింది?"

ఆమె నిదానంగా నవ్వింది. "సల్మా చాలాసేపు చెప్పలేదు."

వ్యాన్ ఆమెని తీసుకుపోయాక చీఫ్ ఫోన్ చేసి మిషన్ సక్సెస్ అన్నాడు. ఏసుపాదం ఫోన్ పెట్టేశాడు.

"సోమవారం దాకా ఆగలేను," అన్నాడు ఇలియాస్. "టేప్ రికార్డర్ ఆన్ చెయ్యి."

ఈసారి ఏసుపాదమే కాఫీ కాచి తెచ్చాడు. తెల్లవారేదాకా ముసలాయన చెబుతూనే ఉన్నాడు గానీ, ఇద్దరిలో ఎవరూ ఆ కప్పులు ముట్టుకోలేదు.