ఆరో తలుపు ఆగిన పూట

డ్యూటీలో పన్నెండో గంట నడుస్తోంది. కనకరత్నం ఆరో తలుపు క్రేను తాడును ఇంకో రెండు మీటర్లు దించింది. తాడు చివర మునకతొడుగులో బుల్లెబ్బాయి ఉన్నాడు. సముద్రపు గోడ తలుపుల కింద పేరుకునే బురదను గీకడం అతని పని, అతన్ని దించి పైకి తీయడం ఆమె పని. ఆమె చెయ్యి కాస్త తప్పితే అతను తలుపుకీ గోడకీ మధ్య నలిగిపోతాడు.

"మీ హస్తపట్టీ పచ్చగా ఉంది కనకరత్నం గారూ. మీరు అలసిపోలేదు" అంది గోడ మీద పనులన్నీ నడిపించే యంత్రం, నిర్వాహిణి. గంటకోసారి అది అనే మాటే.

పచ్చగా ఎందుకుండదు? అలసట కొలిచే ఆ పట్టీ ఆమె చేతికి లేదు. రాత్రంతా పడుకుని పొద్దున్నే పక్క క్రేను ఎక్కిన మంగతాయారు చేతికి ఉంది. గోడ మీద అదో ఆచారం. పట్టీ ఎర్రబడినవాళ్లను నిర్వాహిణి ఆ రోజే గోడ దింపేసి, బదులు మనిషిని ఇవ్వకుండా వాళ్ల పని మిగిలినవాళ్ల నెత్తిన వేసేది. అందుకని నిద్రపోయి వచ్చినవాళ్లు అలిసినవాళ్ల పట్టీ కూడా కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ సాయమే అందరి కొంపా ముంచింది. ఇక్కడ ఎవరికీ అలసటే లేదని తేల్చుకున్న నిర్వాహిణి ఎనిమిది గంటల డ్యూటీని పన్నెండు చేసింది, పన్నెండును పదహారు చేసింది. గొడ్డుకైనా కాడి దింపుతారు. ఈ మహాతల్లికి ఆపాటి ఇంగితం ఎవరూ నేర్పలేదు.

కనకరత్నం కళ్లు తెరిచే ఉన్నాయి. తాడు కొలత పదకొండు ఉండగా చూసింది, మళ్లీ చూసేసరికి పధ్నాలుగు. మధ్యలో మూడు మీటర్లు ఎవరు దించారో ఆమెకు తెలియలేదు.

"అక్కా, తలుపు తగుల్తంది. ఆపు" అన్నాడు బుల్లెబ్బాయి కిందనుంచి.

ఆపింది. ఎప్పటిలాగే ముఖాన నీళ్లు చల్లుకుంది, ఒళ్లొంగని దానివని తనను తానే తిట్టుకుంది, నిద్ర ఆపే చురుకుబిళ్ల కోసం డబ్బా తీసింది. పొద్దుటినుంచి ఇది ఆరోది. అప్పుడు ఒళ్లు మండిపోయింది ఆమెకు. నిద్ర రావడం కూడా తన తప్పేనా? డబ్బా విసిరికొట్టి తాడు పైకి లాగింది.

పని సగంలో ఉంది కదా అన్నాడు బుల్లెబ్బాయి, తొడుగు తల తీస్తూ.

"ఉండనీ. ఇందాక నిన్ను సంపేసేదాన్నిరా" అంది.

ఆమె పక్క క్రేను దగ్గరికి వెళ్లి తన పట్టీ ఇమ్మంది. ఇస్తే గోడ దింపేస్తారని, ఆరో తలుపు కూడా తన మీదే పడుతుందని మంగతాయారు బతిమాలింది. ఇంకో నాలుగు గంటలు ఓపిక పట్టమంది.

"ఆ నాలుగ్గంటలూ ఆడు నీళ్ల కింద ఉంటాడే. నాకు ఓపిక లేదు. ఉన్నట్టు నటించలేను."

చేతికి కట్టుకోగానే పట్టీ ఎర్రబడింది. ఆరో క్రేను దానంతటదే బిగుసుకుపోయింది.

"పట్టీలో లోపం ఉన్నట్టుంది. మార్చుకోండి" అంది నిర్వాహిణి.

"పట్టీ బాగానే ఉంది. నేనే బాగోలేను" అని చెప్పి కనకరత్నం క్రేను నీడన టార్పాలిన్ పరుచుకుని పడుకుంది. తల ఆనించీ ఆనించకముందే నిద్రపోయింది.

మంగతాయారు నీళ్లలోకి దిగి ఉన్న తన తాడు వంక చూసింది. తర్వాత తన తాడు చివరి మనిషిని కూడా పైకి లాగేసి, గోడ వెంట వెళ్లి ప్రతి క్రేను దగ్గరా ఈ సంగతి చెప్పింది. కొందరు తిట్టారు. ఎక్కువమంది, నీళ్లలో ఉన్నవాళ్లను పైకి తీశాక, ఎవరి పట్టీ వాళ్లు అడిగి తీసుకున్నారు.

నిర్వాహిణి ఆ గోడ మీద మొదటిసారి ఒక ప్రశ్న అడిగింది.

"నలభై ఒక్క పట్టీలు ఎర్రగా ఉన్నాయి. పోటు వచ్చే వేళయింది, బురద తీయకపోతే తలుపులు మూసుకోవు. కనకరత్నం గారు ఎప్పుడు లేస్తారు?"

"నిద్ర తీరాక లేత్తాదండి" అన్నాడు ఆమె పక్కన కూర్చున్న బుల్లెబ్బాయి. "ఈలోగా మీరు ఇంకో మనిసిని ఎతుక్కోండి."