మూడో బేరింగు దగ్గరి పీట

ఆదిలాబాద్ పత్తి యార్డు వెనక ఒక పాత జిన్నింగు మిల్లు ఉంది. రాత్రిపూట అందులో మూడో బేరింగు దగ్గరికి ఎవరూ ఒంటరిగా పోరు. బేరింగంటే మరేం కాదు, మిల్లు పొడుగునా తిరిగే పెద్ద ఇరుసును మోసే, నూనె పోసిన ఇనుప గూడు. నేను విన్నది చెప్తున్నాను. నమ్మడం, మానడం మీ ఇష్టం.

మిల్లు నడుస్తున్నంతసేపూ అక్కడ వింత చప్పుడేదీ ఉండదు. కరెంటు పోవాలి. చిమ్మచీకటి కమ్మాలి. ఇరుసు నెమ్మదించాలి… అప్పుడు —

"హుఁ… మ్మ్మ్…"

మోకాళ్ల నొప్పుల ముసలామె ఎవరో చీకట్లో కూలబడినట్టు ఒక మూలుగు!

అది చనిపోయిన బాలవ్వేనని మిల్లంతా తీర్మానించింది. బతికినన్నాళ్లూ ఆ మూలనే కూర్చుని చాయ్ తాగిన మనిషి మరి. ఆమె కొడుకు సదానందం అదే మిల్లులో బేరింగులకు నూనె పోస్తాడు. "మా అవ్వ కింద కూసోలేదు" అని ఓ పీట తెచ్చి వేశాడు. ఆడవాళ్లు రోజూ చాయ్ కూడా పెట్టేవారు. చక్కెర లేకుండా… బాలవ్వకు షుగరు కదా! దెయ్యానికి ఇంత పథ్యం ఇంకెక్కడా విని ఉండరు.

ఈ సీజనులో మూలుగు ఎక్కువైంది. గూడు చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. చుట్టూ పత్తి కుప్పలు. సేటు లక్ష్మీరాజానికి చెమటలు పట్టాయి. మంచిర్యాల నుంచి సృజన అనే ఫిట్టరును పిలిపించాడు.

ఆమె గూడు విప్పబోతే సదానందం అడ్డం పడ్డాడు.

"ఇప్పకు బిడ్డా… అండ్ల మా అవ్వ ఉన్నది."

సృజన గొంతు తగ్గించింది. "కాకా, ఇరుసు ఒక దిక్కు ఒరిగింది. గా దిక్కే గూడు అరిగింది, నూనె కారిపోతుంది. జోరుగ తిరిగినంతసేపు ఇరుసు నూనె పొర మీద తేలుతది. కరెంటు పోయి మెల్లగైతే ఇనుము మీద కూసుంటది. గదే మూలుగు."

"కూసుంటది అని నువ్వే అంటున్నవ్ గద! మా అవ్వనే!"

"పత్తి అంటుకుంటే మనమెవ్వరం మిగలం కాకా."

సదానందం చుట్టూ ఉన్న పత్తి కుప్పలకేసి చూశాడు. తప్పుకున్నాడు. ఆమె కొత్త గూడు వేసి, ఇరుసును సరిచేసి బిగించింది.

ఆ రాత్రే కరెంటు పోయింది.

సేటు, సృజనతో సహా అందరూ గూడు వైపే చెవులు రిక్కించారు. ఇరుసు తిరిగి… తిరిగి… మెల్లగా ఆగింది. చప్పుడు లేదు.

"అవ్వా…" సదానందం పిలిచాడు. "అవ్వా, ఉన్నవా?"

ఏమీ లేదు. దెయ్యం వదిలినందుకు అంతగా ఏడ్చిన మనిషిని ఆ మిల్లు ఎన్నడూ చూడలేదు.

అప్పుడు — పీట కిర్రుమంది.

"హుఁ… మ్మ్మ్…"

సేటు పత్తి కుప్పలోకి దూకాడు. సృజన చేతిలోని పానా ఠంగుమని కింద పడింది.

కరెంటు వచ్చింది.

పీట మీద సదానందం! మోకాలు పట్టుకుని, ఒక పక్కకు ఒరిగి, నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

"నా నోట్లెకెళ్లి వచ్చిందా గిది?" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాడు. "అచ్చం మా అవ్వదే!"

సృజన పానా తీసుకుని, అతను కూర్చున్న తీరును కాసేపు పరీక్షగా చూసింది.

"కాకా, జర సీదా కూసో. ఒక్క దిక్కే అరుగుతున్నవ్."