నాలుగో ర్యామ్

మా పిన్ని పనిచేసే పెట్టుడు కాళ్ళ వర్క్‌షాపులో, కింది అంతస్తు చివర ఒక గది ఉంది. చీకటి పడ్డాక ఆ వైపు ఎవరూ వెళ్ళరు. ఇరవై ఏళ్ళు అక్కడ కంప్యూటర్ నడిపిన స్క్రూ తాత ఆ గదిలో, ఆ కుర్చీలోనే కన్నుమూశాడు. తర్వాత ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. ఇద్దరూ టూల్ బ్యాగులు కూడా వదిలేసి పోయారు.

పిన్ని భయపడే రకం కాదు. బల్లిని తోక పట్టుకుని బయట పడేసే మనిషి. ఈ కథ చెప్పేటప్పుడు మాత్రం మధ్యలో లేచి వెళ్ళి, తలుపు గడియ చూసుకుని వస్తుంది.

ఆ గదిలో పెట్టుడు కాలికి తొడుగు చెక్కే మిషను ఉంది. దాన్ని నడిపే ప్రోగ్రాం పాతకాలపు సిస్టం మీద తప్ప పనిచేయదు. తాత పోయాక ఉన్న కంప్యూటర్ కాలిపోతే, అంతకంటే పదేళ్ళు కొత్తదాన్ని తెచ్చి, అందులో ఆ పాత సిస్టమే ఎక్కించారు. ఇక అప్పట్నుంచి... ఆన్ చేసిన ప్రతిసారీ తెర మీద ఒకటే మాట. "మెమరీ చాలడం లేదు." మెమరీ అంటే ర్యామ్, వేలెడు పొడుగు పచ్చ పట్టీ. అవి లోపల రెండున్నాయి. అయినా చాలదట!

ఆ శనివారం పిన్నికి ఆ గదిలోకి వెళ్ళక తప్పలేదు. బస్సు కండక్టర్ ఒకాయన పెట్టుడు కాలి తొడుగు పగిలిపోయింది. సోమవారం డిపోలో అధికారుల ముందు నడిచి చూపించాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది. "చంకకర్రలేసుకుని టిక్కెట్లు కొట్టలేను కదమ్మా," అన్నాడు పొద్దున. నవ్వుతూనే అన్నాడు కానీ కళ్ళలో నీళ్ళున్నాయి.

పగలు గ్రైండర్లు తిరుగుతుంటే అక్కడ కరెంటు నిలకడగా ఉండదు. అందుకే అందరూ వెళ్ళాక, ఏడు దాటాక, పిన్ని ఒక్కతే కిందికి దిగింది. గోడ పొడుగునా అరల్లో ప్లాస్టరు కాళ్ళు... అన్నీ ఆమె వైపే అడుగు వేయబోతున్నట్టు ఉన్నాయి.

తాత కుర్చీలో కూర్చుంది. ఇంకో రెండు ర్యాములు పెట్టింది. మొత్తం నాలుగు. ఆన్ చేసింది.

"మెమరీ చాలడం లేదు."

"ఇంకెంత కావాలే నీకు?" అని తిట్టింది పైకే.

అప్పుడు వినిపించింది — బయట నడవాలోంచి.

టక్...

టక్... టక్...

ఒంటికాలి మీద ఎవరో నడిచి వస్తున్నట్టు.

"ఎవరూ?"

ఫట్‌మని ఫ్యూజు పోయింది.

కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనిపించని చీకటి. ఆ చప్పుడు తలుపు దగ్గరికొచ్చి ఆగింది. ఎవరిదో ఊపిరి...

"పెట్టకండి..." గుసగుస. "తీసెయ్యండి..."

దెయ్యం ఇంత మర్యాదగా 'అండి' అంటుందా అని ఆ క్షణంలో తట్టలేదు పాపం. భయంతో చేతులు వాటంతటవే కదిలాయి. తడుముకుంటూ ఒకటి, రెండు, మూడు — పీకి బల్ల మీద పెట్టింది. నాలుగోదాని మీద చెయ్యి పడేలోగా లైటు వెలిగింది.

"ఫ్యూజు వేశానమ్మా!" అని పైనుంచి వాచ్‌మన్ కేక.

తలుపు దగ్గర చంకకర్రల మీద కండక్టర్!

"మీరా! నా పై ప్రాణాలు పైనే పోయాయి కదండీ!"

"చీకట్లో నాకు మాత్రం భయం లేదామ్మా? ఉన్నదే ఒక్క కాలు, అదీ వణికింది. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తెలీక పైన బెంచీ మీదే ఉండిపోయాను. మీ తిట్లు వినిపించి దిగాను."

"తీసెయ్యమన్నది మీరేనా?"

"నేనే. నా పాత కాళ్ళకి తొడుగులు తాతే చేసేవాడు, ఒక్క ర్యామే ఉంచేవాడు. ఆ పాత సిస్టంకి ఎక్కువ మెమరీ పెడితే లెక్క తప్పి, చాలలేదని ఏడుస్తుందట. ఎవరైనా అదనంగా పెడితే పీకేసి, 'ఇది పట్టుకో, పనయ్యేదాకా వదలకు' అని నా చేతిలో పెట్టేవాడు."

పిన్ని ఆన్ చేసింది. ఒక్క ర్యామ్‌తో... తెర వెలిగింది! మిషను గుర్రుమంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. రెండు గంటల్లో తొడుగు తయారైంది. కండక్టర్ ఒక్క చేత్తోనే దాన్ని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చేశాడు. సోమవారం ఆ కాలి మీదే నడిచి ఉద్యోగం నిలబెట్టుకున్నాడు కూడా.

అదంతా తర్వాతి మాట. ఆ రాత్రి పిన్ని సామాను సర్దుతూ బల్ల వైపు చూసింది. కంప్యూటర్లో ఒకటి. బల్ల మీద రెండు. నాలుగోది లేదు. బల్ల కింద వెతికింది, కుర్చీ కింద వెతికింది.

"దీనికోసమా?" కండక్టర్ గుప్పిట విప్పాడు. అరచేతిలో పచ్చ పట్టీ. "పనయింది కదా, తీసుకోండి."

"ఇది... మీ చేతిలోకి ఎలా వచ్చింది?"

"అదేంటమ్మా, చీకట్లో తలుపు దాకా వచ్చి మీరేగా ఇచ్చారు? పట్టుకో అని..."

ఆ చీకట్లో పిన్ని కుర్చీలోంచి అసలు లేవనే లేదు.