పేరు పిలిస్తే పలకాలి

ఉత్తర సరిహద్దు దగ్గర, గాంగ్వన్ కొండల్లో మా సైనిక రేడియో. రోజూ సాయంత్రం నాలుగింటికి, తప్పనిసరి సైనిక సర్వీసు పూర్తయి ఇంటికెళ్ళే కుర్రాళ్ళ పేర్లు చదువుతాను. తల్లులు వంట చేసుకుంటూ వింటారు.

యోమ్ గ్యూహో అనే సిపాయి వాళ్ళ అమ్మ నెల్లాళ్ళుగా మా వెబ్‌సైట్‌లో ఒకటే రాస్తోంది. "పద్నాలుగున మా గ్యూహో ఇంటికి రావాల్సిన రోజు. వాడి పేరూ చదవండి." గ్యూహో పోయి ఏడాదైంది. శిక్షంటూ మంచులో నిలబెట్టారు, వెళ్ళమనడం మరిచిపోయారు. కాగితాల్లో గుండెపోటని రాశారు. ఆమె రాసిన ప్రతిసారీ మా మేజర్ తుడిచేస్తున్నాడు. ఆయన ఏ యుద్ధంలోనూ పొడిచిందేం లేదు గానీ, డిలీట్ నొక్కడంలో మహా శూరుడు.

పద్నాలుగున అడిగాను. "ఒక్క పేరు సార్. చదివితే ఏం పోతుంది?"

"రేపు ఇంకో పదిమంది తల్లులు రాస్తారు. నీకు జీతం చదివినందుకు, ఆలోచించినందుకు కాదు."

పేర్ల కాగితం తీసుకుని లోపలికెళ్ళాను. సిగ్గేసింది.

స్టూడియోకి బయటికి కిటికీలుండవు. తలుపేస్తే మన ఊపిరి మనకే వినపడుతుంది. పన్నెండు పేర్లు చదివి ఆపాను. తడిసిన ఉన్ని కోటు వాసన... హెడ్‌ఫోన్లలో ఎవరో ఊపిరి పీల్చి బిగబట్టారు.

అద్దం అవతల్నుంచి టెక్నీషియన్ ప్యో హెడ్‌ఫోన్లలో గుసగుసలాడాడు. "అక్కా... నీ వెనక ఎవరు?"

"ఎవరూ లేరురా."

ప్యో మాట విని మేజర్ తలుపు తోసుకొచ్చాడు. "నీకు యాభై ఏళ్ళొచ్చాయి, దెయ్యాల పిచ్చేంటి?" మైకు ఆన్‌లో ఉందని చూసుకోలేదు. పరేడ్ మైదానంలో పిలిచినట్టు వెక్కిరింతగా అరిచాడు. "సిపాయి యోమ్ గ్యూహో!"

మా సైన్యంలో పై అధికారి అలా పిలిస్తే, నిద్రలో ఉన్నా లేచి, హోదా, పేరు చెప్పాలి.

"సిపాయి... యోమ్ గ్యూహో."

మూలనుంచి. పళ్ళు టకటకలాడుతూ.

ఇక 'వెళ్ళు' అనాల్సింది పిలిచినవాడే; అనేదాకా కదలకూడదు. మేజర్ ఆ మాట అనకుండానే తలుపు దాకా వెనక్కి నడిచాడు. మూలలో ఎవరూ లేరు. నేల మాత్రం తడిగా ఉంది.

ఐదు నిమిషాలకు యోమ్ అమ్మ పోస్టు వచ్చింది. "విన్నాను. వాడొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు, బూట్లు విప్పడం లేదు. పిలిచినాయన 'వెళ్ళు' అని చెప్పాలట. ఆయన్ని ఒకసారి పంపండి."

మేజర్ డిలీట్ నొక్కాడు. పోలేదు. మళ్ళీ నొక్కాడు... పోలేదు. కోటైనా వేసుకోకుండా మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు.

వారమైంది, తిరిగి రాలేదు. పోస్టులు తుడిచే పని నాకిచ్చారు. ఆమెది ముట్టుకోలేదు. ఇవాళ దాని కింద ఇంకోటి చేరింది.

"ఇద్దరికీ అన్నం పెట్టాను. ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. కోటు లేని పెద్దాయన కూడా పిలిచినవాళ్ళే 'వెళ్ళు' అనాలంటున్నాడు. ఆయన్ని ఎవరు పిలిచారు?"