రెక్క కింద కాటుక

శిడ్లఘట్ట బస్టాండులో ఎక్కిన అమ్మాయి చేతిలోని వస్తువు ముందు యశస్ నెత్తికి తగిలింది, తర్వాత కంటికి కనిపించింది. మామూలుగా ఇలాంటివి వేరే వరసలో జరుగుతాయి.

"మీ తల అడ్డమొస్తాండాది. కొంచెం తీస్తారా?" అందా అమ్మాయి.

"యాడికి తీయాల? పుట్టినప్పటినుంచీ ఇక్కడే ఉండాది."

"అయితే వంచండి."

యశస్ వంచాడు. పాత దుప్పట్లో చుట్టిన పొడుగాటి వస్తువొకటి అతని మీదుగా కిటికీ కమ్మీల దాకా సాగింది. కండక్టరు పిళ్ళప్ప వచ్చి దాన్ని వేలితో పొడిచి చూశాడు.

"ఇదేందమ్మా, తలుపా?"

"రెక్క."

"దేనిది?"

"కారుది."

పిళ్ళప్ప ఈ దారిలో కోళ్ళగంపలకి, పట్టుగూళ్ళ మూటలకి, ఒకసారి అలిగి కూర్చున్న పెళ్ళికొడుకు పెట్టెకి కూడా లగేజి టికెట్టు కొట్టిన మనిషి. కారు రెక్కకి ఎంత కొట్టాలో మాత్రం తోచలేదు. "స్వల్ప అడ్జస్ట్ మాడ్రీ," కొంచెం సర్దుకోండని ఇద్దరికీ కలిపి కన్నడంలో చెప్పి ముందుకు వెళ్ళిపోయాడు.

అడ్జస్ట్ కావడం యశస్‌కి పెద్దగా అలవాటు లేదు. చింతామణిలో చిల్లర, టోకు రెండూ అమ్మే కిరాణా అంగడి వాళ్ళబ్బాయి. పుణేలో ఇంటర్న్‌షిప్ ముగించుకుని చిక్కబళ్ళాపురంలో తన ఇంజనీరింగ్ కాలేజీకి తిరిగి పోతున్నాడు. ఆ కాలేజీ పిల్లలు ఫార్ములా పోటీ కోసం ఒంటి సీటు రేసు కారొకటి సొంతంగా కట్టుకున్నారు. దాన్ని నడిపేది యశస్. దాని స్ప్రింగులు, టైర్లు సరిచేసేదీ యశసే. తను లేనప్పుడు దిబ్బూరహళ్ళి అమ్మాయి ఎవరో టీములో చేరి కారుకి రెక్క చేస్తోందని స్నేహితుడు దర్శన్ ఫోన్లో చెప్పాడు.

"నమ్రత అంటే మీరేనా?"

"యశస్ అంటే మీరా? డ్రైవరు?" ఆమె చూపు అతని ఒళ్ళోకి దిగింది. అక్కడ రామచిలకలు కుట్టిన దిండు ఉంది. "ఇదేంది?"

"సీటు గట్టిగా ఉంటే నడుము పట్టుకుంటాదని మా అమ్మ కుట్టింది. బూరుగు దూది."

"రేసు కారుకా?"

"కారు రేసుకి. దిండు నాకు."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ తర్వాతి ప్రశ్న అతను ఇంకొంచెం మర్యాదగా అడిగేవాడేమో.

"ఎంత బరువు మీ రెక్క?"

"తొమ్మిది కేజీలు."

"గ్రాము గ్రాము తగ్గించాలని మేము బోల్టులకి కూడా బొక్కలు కొడతాండాం. మీరు తొమ్మిది కేజీలు తెచ్చి నెత్తినెక్కిస్తారా?"

"నిలబడుకోని ఉంటే తొమ్మిది. పరిగెత్తినప్పుడు గాలి దాని మీద కూర్చోని కారుని కిందికి అణిచిపెడతాది. టైర్లు రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి. మలుపులో మీరు బ్రేకు తక్కువ తొక్కొచ్చు."

"నేను ఇప్పుడే తక్కువ తొక్కుతా."

"విన్నా. పోయినసారి దారికి అటూ ఇటూ పెట్టిన కోన్లన్నీ గుద్దినారంట కదా," అంది నమ్రత, కిటికీలోంచి చూస్తూ.

*

ఆ తర్వాత రెండు వారాలు వర్క్‌షాపులో వాళ్ళిద్దరూ చాలా మాట్లాడుకున్నారు. దాన్ని పోట్లాట అని దర్శన్ అన్నాడు. మీరు కాస్తా నువ్వు అయింది. అంతకు మించి పురోగతి లేదు. కథల్లో అయితే ఇలాంటప్పుడు వాన పడుతుంది, ఒకే గొడుగు ఉంటుంది. ఈ తాలూకాల్లో వాన అంత తరచుగా పడదు. ఒకే స్పానరు ఉండేది. దాన్ని ఇచ్చి పుచ్చుకునేటప్పుడు అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపు ఇద్దరి చేతుల్లోనూ ఉండేది.

గొడవంతా ఒక్కదాని దగ్గరే. రెక్క పెడితే వెనక బరువు పడుతుంది కాబట్టి స్ప్రింగులూ మార్చాలంటుంది నమ్రత. యశస్ ముట్టనంటాడు. స్ప్రింగుల బిగువు, టైర్లలో గాలి, నేలకీ కారుకీ మధ్య ఎత్తు, ఇవన్నీ పులుసులో ఉప్పూ చింతపండూ బెల్లం లాంటివి. ఒకటి కదిపితే మిగతావీ చూసుకోవాలి. అతనికి అది కుదిరింది. కుదిరిన పులుసు మీద మూత పెట్టేసి కూర్చున్నాడు.

చివరికి టీముని చూసుకునే ఆంజనేయప్ప సార్ తేల్చారు.

"చూడమ్మా నమ్రతా. సోమవారం కారు కోయంబత్తూరు పోటీకి లారీ ఎక్కాల. శనివారం టెస్టు పెట్టుకుందాం. రెక్కతో బాగుంటే రెక్క పోతాది. లేదంటే స్టోరు రూములో ఉంటాది. గడియారంతో పాటు నడిపినోడి మాట కూడా వింటా. ఏమప్పా యశస్?"

ఆ రెక్కని నమ్రత తన ఊళ్ళోనే చేసింది. వాళ్ళ నాన్న మంజునాథ పట్టు తీసే షెడ్డులో ఒక రాట్నం పక్కకి జరిపి ఆమెకి చోటిచ్చాడు. ఉడికే గూళ్ళ వాసనలో, రెసిన్ జిగురు వాసనలో, సెలవులన్నీ అక్కడే గడిచాయి. స్టోరు రూములో అప్పటికే చదువు ముగించి వెళ్ళిపోయిన సీనియర్ల సైలెన్సర్లు, విరిగిన స్టీరింగు, పేరు తెలియని ఇంకో వస్తువు ఉన్నాయి. వాటి మధ్య తన రెక్కని ఊహించుకుని ఆమె ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

*

టెస్టు గూళూరు దారిలో యశస్ మేనమామ మునికృష్ణప్ప వేసిన లేఅవుట్లో. స్వాగతం చెప్పే ఆర్చి ఉంది, నున్నటి తారురోడ్లు ఉన్నాయి, పార్కు అని బోర్డు ఉంది. ఇళ్ళు మాత్రం లేవు. రేసు కారుకి ఇంతకంటే మంచి ఊరు దొరకదు.

తమ్ముడు మునికృష్ణప్ప కారులో యశస్ తల్లి సులోచనమ్మ కూడా దిగింది. ఒక చేతిలో చిత్రాన్నం క్యారియరు, ఇంకో చేతిలో నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ. రెక్కని చుట్టూ తిరిగి చూసింది.

"ఎగరతాదా తల్లీ ఇది?"

"లేదాంటీ. విమానం రెక్కని బోర్లేసినట్లు. ఎగరకుండా నేలకి అణిచిపెడతాది."

"తెలిసింది. మా అత్త మాదిరి."

నమ్రత మొదటిసారి గట్టిగా నవ్వింది. హెల్మెట్ పెట్టుకుంటున్న యశస్ చేతులు ఆగిపోయాయి. రెండు వారాలుగా తాను సంపాదించలేనిదాన్ని వాళ్ళమ్మ క్యారియరు దించకముందే సంపాదించింది.

సులోచనమ్మ దండ తీసుకుని రెక్కకి కట్టబోయింది.

"వద్దాంటీ! గాలికి అడ్డమొస్తాది."

"దిష్టి తగలదా? ఇంత ముచ్చటగా చేసుకున్నావు."

"దాని మీద పూచికపుల్ల కూడా ఉండకూడదాంటీ. ఏమనుకోవద్దండి."

సులోచనమ్మ ఏమనుకోలేదు. అనుకున్నది చేయడం మానుకోనూ లేదు. అయితే అది ఎవరికీ తెలియదు.

ముందు రెక్క లేకుండా తిప్పారు. తర్వాత రెక్క బిగించి తిప్పారు. రామచిలకల దిండు మీద కూర్చుని యశస్ కోన్ల మధ్య మలుపులు తీశాడు. దర్శన్ గడియారం చూసి పెదవి విరిచాడు. సార్ యశస్ దగ్గరికి వచ్చారు.

"ఏమప్పా, ఎట్లుండాది?"

నమ్రత నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. దుప్పటి మడిచి గుండెలకి పట్టుకుంది. బాగుంది సార్ అంటే చాలు. నడిపినవాడి మాటకి విలువిస్తానని సారే అన్నారు. ఆ నవ్వు ఇంకోసారి వినొచ్చు.

"తిన్నటి దారిలో వెనక్కి లాగుతాండాది సార్," అన్నాడు యశస్. "మలుపులో ఏం పట్టుకోవడం లేదు. రెక్క ఉన్నట్టే లేదు, బరువు తప్ప."

"అయితే విప్పేయండి," అన్నారు సార్.

"ఇంకో మాట చెప్పొచ్చు కదరా," అని గొణిగాడు దర్శన్.

"ఎట్లైనా కోయంబత్తూరులో తెలిసేదే కదా. అక్కడ అందరి ముందర తెలిస్తే ఆ అమ్మాయికేమైనా బాగుంటాదా?"

నమ్రతకి ఇది వినిపించింది. వినిపించనట్టు స్పానరు తీసుకుంది. తన రెక్కని తనే విప్పింది. చాప మీద బోర్లా పెట్టింది. తర్వాత ఆమె గొంతు లేఅవుట్ ఆర్చి దాకా వినిపించింది.

"దీనికి ఎవరు ఏం పూసినారు?"

రెక్క కింది వైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా నల్లటి మరకలు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సులోచనమ్మ చిత్రాన్నం గరిటె పట్టుకునే వచ్చింది.

"నేనే తల్లీ. పైన వద్దంటివి కదా, అడుగున పెడితి. కాటుక చుక్కలే. బిడ్డలకి అరికాల్లో పెట్టమా, కనపడకుండా? ఆముదంతో ఇంట్లో చేసింది, పోతాది లే. నేను తుడుస్తా ఉండు."

ఆమె కొంగు ఎత్తింది.

"ముట్టుకోవద్దండి!" నమ్రత రెక్క మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆమె కోపంగా లేదు. మరకల్ని చదువుతోంది. "ఇట్ల రా యశస్. చూడు."

రెండు కొసల్లోనూ కాటుక చుక్కలు ఎండకి కరిగి, గాలికి సాగి, సన్నటి గీతలై వెనక అంచు దాకా వెళ్ళాయి. ఎవరో కుదురుగా కన్ను దిద్దినట్టు. నడిమధ్యలో చుక్కలు మాత్రం ఏడ్చిన కంట్లో కాటుకలాగా అక్కడక్కడే చెదిరి ఉన్నాయి.

"కొసల్లో గాలి రెక్కని అంటుకోని పోతాండాది. మధ్యలో గాలే సరిగ్గా రావడం లేదు. ముందర ఏదో అడ్డం ఉండాది." ఆమె తలెత్తింది. "పోయి కార్లో కూర్చో. హెల్మెట్‌తో."

యశస్ కూర్చున్నాడు. నమ్రత కారు వెనక, రెక్క ఉండాల్సిన చోట కళ్ళు ఉండేట్టు నిలబడింది. తిన్నగా అతని నెత్తి కనిపించింది. దాని కింద, మెడ కింద, వీపు కింద ఏముందో ఆమెకి గుర్తొచ్చింది.

"నీ తల అడ్డమొస్తాండాది," అంది.

"మళ్ళీనా?"

"దిండు తీయి."

"మా అమ్మ కుట్టిన..."

"తీయరా," అంది సులోచనమ్మ. "ఎట్లాగూ చిలకలు నలిగిపోతాండాయి."

దిండు లేకుండా యశస్ జానెడు కిందికి దిగాడు. నడుము దగ్గర ఇనుప గొట్టం పలకరించింది. నమ్రత సార్ వైపు తిరిగింది. "ఇంకొక్కసారి సార్." సార్ చిత్రాన్నం ప్లేటు అందుకుంటూ తలూపారు. తినడానికి ఎలాగూ కొంతసేపు పడుతుంది.

రెక్క మళ్ళీ బిగిసింది. యశస్ తిప్పాడు. మూడో మలుపులో కారు తిన్నగా పోయి రెండు కోన్లని వెంట తీసుకెళ్ళింది. దర్శన్ కళ్ళు మూసుకున్నాడు. నమ్రత దుప్పటి మళ్ళీ మడవడం మొదలుపెట్టింది.

యశస్ హెల్మెట్ తీసి నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"నీ రెక్క పని చేస్తాండాది."

"కోన్లు గుద్దినావు!"

"అందుకే చెప్తాండా. వెనక గట్టిగా అణుగుతాండాది, ముక్కు తేలిపోయి తిరగనంటాండాది. ఇది రెక్క తప్పు కాదు. నా సెట్టింగ్ తప్పు." కొంచెం ఆగాడు. "స్పానరియ్యి."

పులుసు మీది మూత తీశాడు. వెనక స్ప్రింగులు గట్టివి వేశాడు. మలుపులో కారు ఒరగకుండా పట్టే ముందు రాడ్డు మెత్తన చేశాడు, ముక్కు కొంచెం కిందికి దించాడు. ఎన్నాళ్ళుగానో ఎవరినీ తాకనివ్వని బోల్టులు. నమ్రత పక్కన కూర్చుని అడిగినవి అందించింది. ఏదీ నేర్పలేదు. అది ఆమెకి కష్టమే అయింది.

ఈసారి కారు కోన్ల మధ్య పట్టాలేసినట్టు తిరిగింది. దర్శన్ గడియారం చూసి, విదిలించి, మళ్ళీ చూసి అరిచాడు. సార్ ప్లేటు కింద పెట్టారు.

"రెక్క పోతాదమ్మా కోయంబత్తూరుకి," అన్నారు. "ఆ మరకలు మాత్రం తుడవొద్దు, ఫోటో తీసి రిపోర్టులో పెట్టండి. ఏమని రాస్తారో మీ ఇష్టం."

*

సాయంకాలం కారుని, రెక్కని వ్యానులో కాలేజీకి పంపారు. సులోచనమ్మ నమ్రతని పక్కకి పిలిచి ఊరడిగింది, నాన్న పేరడిగింది, చిత్రాన్నం చేయడం వచ్చా అని అడిగింది. రాదని నమ్రత చెప్పింది. "మావాడికి వస్తాది లే," అంది సులోచనమ్మ. తర్వాత కాటుక డబ్బీ మూత తీసింది.

యశస్ మామ కారు ఎక్కలేదు.

"ఏసీ కారు పెట్టుకోని బస్సెందుకురా?"

"నడుము పట్టుకునింది అమ్మా. బస్సు సీటు మెత్తగా ఉంటాది."

ఈ రాష్ట్రంలో బస్సు సీటు గురించి ఆ మాట అన్నవాడు ఇంకొకడు లేడు. సులోచనమ్మ దిండు అతని చేతికిచ్చి, ఇంకేమీ అడగకుండా కారు తలుపు వేసుకుంది.

దిబ్బూరహళ్ళి మీదుగా పోయే బస్సులో ఇద్దరి మధ్యా రామచిలకల దిండు కూర్చుంది. చాలాసేపు అదొక్కటే నిబ్బరంగా ఉంది.

"ఒకటి చెప్పాల," అన్నాడు యశస్.

"రెక్క గురించా?"

"నా గురించి. కుదిరినాక నేను ఏదీ మార్చను. నీకు తెలుసు."

"ఊరందరికీ తెలుసు."

"ఈ పొద్దు మార్చినా. బాగుండాది. ఇంకా ఏమేం మార్చాలో... నువ్వు పక్కన కూర్చోని ఉంటే, ఒకటొకటే చూసుకుందామని. ఎప్పటికీ."

నమ్రత బయటికి చూసింది. వాన పడటం లేదు. పడి ఉంటే ఇద్దరికీ చూడటానికి ఏదైనా ఉండేది.

"సార్ అడిగినప్పుడు రెక్క బాగుందని నువ్వు అబద్ధం చెప్పుంటే, ఈ బస్సులో వేరే సీటు చూసుకునేదాన్ని," అంది.

దిండు తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. మధ్యలో ఇప్పుడేమీ లేదు. యశస్ కొంచెం జరిగాడు. బస్సు మలుపు తిరిగి అతనికి సాయం చేసింది.

"నీ చెవి వెనక ఏదో నల్లగా ఉండాది," అన్నాడు. "గ్రీజేమో. తుడిచేదా?"

"ముట్టుకోవద్దు," అంది నమ్రత. "అది మీ అమ్మ పెట్టిన సెట్టింగ్."