మూతి కుట్టిన బొమ్మలు

బోధన్ బస్టాండుల దిగి పాత షుగర్ ఫ్యాక్టరీ దిక్కు పది నిమిషాలు నడిస్తే, ఎడమ చేతికి రెండంతస్తుల లాడ్జి కనవడ్తది. పేరు దిల్‌బహార్. కింద హోటల్, మీద పద్నాలుగు రూములు. ఫ్యాక్టరీ నడిచిన దినాలల్ల ఆ హోటల్ చాయ్ కోసం జనం నిలవడి ఉండేటోళ్లు. చెరుకు బండ్లోళ్లు, నాందేడ్ నుంచి వచ్చే బేపారులు, మిషన్లు బాగుచేసే ఇంజనీర్లు, అందరు ఆణ్నే దిగేటోళ్లు. మెట్ల కాడ ఖాకీ అంగి ఏసుకొని, తాళపు చేతుల గుత్తి నడుముకు కట్టుకొని, వచ్చేటోళ్లతోని పోయేటోళ్లతోని ముచ్చట్లు పెట్టుకుంట కూసున్నోణ్ణి నేనే. హన్మాండ్లు అంటే ఎరుకలేనోడు లేకుండె.

ఇప్పుడు ఆ లాడ్జి మీద ఫోన్లల్ల వీడియోలు తిరుగుతున్నయి. 'దెయ్యాల హోటల్' అట. అండ్ల దొరికిన బొమ్మలు ఇంగ్లండు నుంచి వచ్చినయట. ఎవతో దొరసాని సచ్చి వాటిల్ల దూరిందట. చూస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంగ్లండట ఇంగ్లండు! ఆ బొమ్మల బట్ట పదకొండో రూము దుప్పటి. లోపల కూరింది బీడీల ఆకు ముక్కలు, తంబాకు పొడి. కుట్టింది గంగుబాయి. దొరసాని ఏడికెల్లి వచ్చిందిరా మధ్యల?

నాకు నోటితోని చెప్పుడే అలవాటు. రాసుడు ఏడో తరగతితోనే బందయింది. అయినా ఈసారి కాయితం మీద రాస్తున్న. ఎందుకన్నది చివరికి మీకే తెలుస్తది.

మొన్న ఎండకాలం మల్లికార్జున్ ఫోన్ చేసిండు. లాడ్జి కట్టించిన బాపురావు సేట్ కొడుకు.

"కాకా, లాడ్జి మల్ల తెరుస్తున్న. రాజేష్ అని నిజామాబాద్ పిలగాడు వీడియో తీస్తున్నడు. పాత మనిషివి నువ్వొక్కనివే మిగిలినవ్. బొమ్మల ముచ్చట జర చెప్పిపో."

ముచ్చట చెప్పమంటే నాకు ఆకలి గూడ కాదు. అదీగాక ఆ ఇంగ్లండు అబద్ధం నా నోటితోని కడగాలనుకున్న. తెల్లారి బయలెల్లిన. నా బిడ్డ రుచిత ఆ దినం బీడీలు ఒప్పజెప్పనీకి కార్ఖానకు పోవాలె. అందుకని ఆమె కూతురు, ఆరేండ్ల వినీతను నా ఎంట తీస్కపోయిన.

ఆ పిల్ల నోరు ఒక్క నిమిషం ఆగదు. నిజామాబాద్‌ల బస్సెక్కినం. ఆర్సపల్లి దాటలేదు, మొదలువెట్టింది.

"తాతా, షుగర్ ఫ్యాక్టరీల చీమలు ఉంటయా?"

"ఒకప్పుడు ఉండె బిడ్డా. ఇప్పుడు ఫ్యాక్టరీ బందయింది."

"మరి చీమలు యాడికి పోయినయి? వాటికి గూడ పని పోయిందా?"

కండక్టరమ్మ పకపక నవ్వింది. "ఏం పెద్దమనిషీ, ఈ పోరి నోరు నొయ్యదా?"

"మా ఇంటి రక్తమే గంత," అన్న గర్వంగ. తొవ్వ పొడుగూత వినీతకు నా లాడ్జి ముచ్చట్లు చెప్పిన. పద్నాలుగు తాళాలు, పద్నాలుగు తాళపు చేతులు, అన్నీ నా నడుముకే ఉండేటియని చెప్పిన.

పన్నెండు గంటలకు లాడ్జిల అడుగు పెట్టినం. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నది. లోపల మాత్రం కిటికీలన్నీ చెక్కలు కొట్టి మూసిండ్రు. మీది అంతస్తు వరండల ఎర్ర బల్బులు. ఆ ఎర్ర ఎలుతుర్ల, గోడ పొడుగూత, పన్నెండు బొమ్మలు... మెడకు తాడు కట్టి ఏలాడదీసిండ్రు.

మూరెడు మూరెడు బొమ్మలు. బొగ్గుతోని గీసిన కండ్లు. మూతి ఉన్న కాడ తెల్లటి బీడీ దారంతోని అడ్డం నిలువు కుట్లు.

నాకు రక్తం ఉడికింది. "ఏందిర ఇది? దించు! ఉరి పెట్టినట్టు గట్ల ఎవలన్న కడ్తరా?"

"భయపడాల్నే గద కాకా," మల్లికార్జున్ నవ్విండు. "భయపడెటోళ్లే ఇప్పుడు కస్టమర్లు. దసరాకు తెరుస్తున్న. అప్పుడే రూములు బుక్కయితున్నయి."

"ఇవి ఓ పసిపిల్ల ఆడుకున్న బొమ్మలు. నీకు సిగ్గు లేదా?"

"గా పిల్ల ముచ్చటనే చెప్పు మరి. ఏయ్ రాజేషూ, కెమెరా పెట్టు."

కోపంతోనే కుర్చీల కూసున్న. కోపంతోనే చెప్పిన.

గంగుబాయి మా లాడ్జిల దుప్పట్లు ఉతికేటిది. పని ఒడిసినంక మెట్ల మీద చాట పెట్టుకొని బీడీలు చేసేటిది. ఆమెకు ఓ బిడ్డ, నవత. ఆరేండ్లు. అచ్చం మా వినీత లెక్కనే గలగల మాట్లాడేది. బాపురావు సేట్‌కు ఆ సప్పుడు పడకపోతుండె. రూములల్ల పండుకున్నోళ్లు లేస్తున్నరని మరాఠీల గర్జించేటోడు, "ఏ పోరీ, గప్ బస్!" అని. అంటే నోరు మూసుకొని కూసో అని. ఓ దినం గంగుబాయిని పిలిచి, "పిల్ల నోరు మూయించు, లేకుంటే పని ఇడిసిపెట్టు," అన్నడు.

ఆమె ఏం చేస్తది? చినిగిన దుప్పటితోని ఓ బొమ్మ కుట్టింది. దాని మూతి కుట్టింది. "సూడు బిడ్డా, ఇది మాట్లాడ్తదా? నువ్వు గూడ గిట్లనే ఉండు," అని వరండ చివరి దుప్పట్ల రూముల కూసోబెట్టింది. ఆ రూముకు కిటికీ లేదు. నెలకో బొమ్మ. ఏడాదికి పన్నెండు.

ఓ పెండ్లి బారాత్ దిగిన దినం పొద్దుగాల్ల రూముకు తాళం పడ్డది. పొద్దుమూకినంక తెరిచిండ్రు. పిల్ల దుప్పట్ల నడుమ కూసున్నది కూసున్నట్టే చల్లవడి ఉన్నది. కాలు నల్లగ ఉబ్బింది. తేలు కుట్టింది. రెండు చేతులతోని తన నోరు తనే గట్టిగ మూసుకొని ఉన్నది. అరిస్తే అవ్వ పని పోతదని... అరవలేదు.

గంగుబాయి ఏడ్వలేదు. తిట్టలేదు. నా మొఖం దిక్కు ఒక్కసారి చూసి, పిల్లను భుజాన ఏసుకొని వర్ని ఊరి దిక్కు పోయింది. మల్ల ఎవ్వలతోని ఒక్క మాట మాట్లాడలేదట, సచ్చిపోయేదాక.

రాజేష్ మెల్లగ అడిగిండు. "కాకా, తాళం ఎవలు ఏసిండ్రు?"

"ఇంకెవలు? బాపురావు సేట్," అన్న.

వినీత నా మోకాలు కాడికి వచ్చింది. "తాతా, తాళపు చేతులన్నీ నీ నడుముకే ఉండె అన్నవు గదా బస్సుల?"

కెమెరా నా దిక్కే ఉన్నది. మల్లికార్జున్ నా దిక్కే చూస్తున్నడు. ముప్పై ఏండ్ల సంది నా నోట్లె లేని మాట, దానంతట అదే బయటికి వచ్చింది.

"ఏ పోరీ... గప్ బస్!"

వరండల బల్బులన్నీ ఒక్కసారి ఆరిపోయినయి.

"కరెంటు పోయింది. జనరేటర్ చూస్త," మల్లికార్జున్ మెట్లు దిగిండు. రాజేష్ ఫోన్ లైటు ఏసిండు. ఆ లైటు గోడ మీద పడ్డది. తాళ్లు ఊగుతున్నయి. ఉట్టి తాళ్లు. పన్నెండు బొమ్మల్ల ఒక్కటి గూడ లేదు.

వినీత లేదు.

"వినీతా!"

పలుకు లేదు. వాసన వచ్చింది. పచ్చి తంబాకు వాసన, సర్ఫు నీళ్ల వాసన కలిసి. నేను ఆ వాసన మరిచి ఎన్నేండ్లో అయింది.

వరండ చివర్ల సప్పుడు. టక్... టక్... వేలితోని తలుపు మీద కొట్టినట్టు.

ఉరికిన. దుప్పట్ల రూము తలుపుకు తాళం. పాత ఇత్తడి తాళం, అదే. వచ్చినప్పుడు ఆ తలుపు బార్లా తెరిచి ఉండంగ నేనే చూసిన. దానికి అసలు గడియ గూడ లేకుండె.

"వినీతా! అండ్ల ఉన్నవా బిడ్డా? మాట్లాడు!"

టక్... టక్...

"ఒక్క మాట అను బిడ్డా. తాతను!"

తలుపు సందుల నుంచి గుసగుస వచ్చింది. సన్నటి గొంతు. వినీత గొంతు కాదు.

"మామా... ఇప్పుడు మాట్లాడొచ్చా?"

తలుపు మీద పెట్టిన చెయ్యి వెనుకకు తీసిన.

నవత నన్ను మామా అనేది. ఆ రూములకెల్లి దినాం గిట్లనే అడిగేది. దినాం నేను నవ్వుకుంట తలుపు మీద చెయ్యి కొట్టి చెప్పేటోణ్ణి, "గప్ బస్! నువ్వు నోరు తెరిస్తే మీ అవ్వ పని పోతది," అని. నాకది పరాచికం. ఆ పిల్లకు అది పరాచికం కాదు.

బారాత్ దిగిన దినం గూడ టక్ టక్‌మన్నది. విన్న. బ్యాండు మోగుతున్నది, ముచ్చట్లల్ల ఉన్న. తర్వాత పోదాంలే అనుకున్న.

రాజేష్ వెనుకకెల్లి గుసగుసన్నడు. "కాకా... ఎవలతోని మాట్లాడుతున్నవ్? నాకేం వినవడ్తలేదు."

"రాడ్ ఏదన్న ఉంటే తేరా!" అని అరిచిన.

మరమ్మతు పనోళ్లు ఇడిసిన ఇనుప రాడ్ తెచ్చిండు. కొట్టిన. మల్ల కొట్టిన. తాళం ఊడింది. లైటు లోపల పడ్డది.

వినీత గోడకు ఆనుకొని కూసున్నది. చుట్టూ పన్నెండు బొమ్మలు, గుండ్రంగ. రెండు చేతులతోని తన నోరు గట్టిగ మూసుకున్నది. కండ్లల్ల నీళ్లు ధారలు. సప్పుడు మాత్రం లేదు. ఆమె పాదం కాడ... నల్లటి తేలు. కొండి లేపి ఉన్నది.

రాడ్‌తోని దాన్ని నలగ్గొట్టిన. పిల్లను ఎత్తుకున్న. చేతులు నోటి మీదికెల్లి తీద్దామంటే రావు. ఆరేండ్ల పిల్ల చేతులు... ఇనుము లెక్క బిగిసినయి. మొఖం నీలంగ మారుతున్నది. ఊపిరి ఆడ్తలేదు.

"అరువు బిడ్డా! ఏడువు! తాత కోపం చెయ్యడు!"

బొమ్మలన్నీ నా దిక్కే చూస్తున్నయి. ఆ బొగ్గు కండ్లల్ల ఉన్నది భయపెట్టే చూపు కాదు. కోపం. ముప్పై ఏండ్లు దాచుకున్న కోపం.

దగ్గరున్న బొమ్మను గుంజుకున్న. మూతి కుట్లను పండ్లతోని కొరికిన. దారం తెగుతలేదు. మల్ల కొరికిన. చిగుర్లు తెగి నా నెత్తురు బొమ్మ మొఖానికి అంటింది. ఒక్కో కుట్టు... ఒక్కో కుట్టు... ఆఖరిది పటుక్కున తెగింది. తంబాకు పొడి నా నోట్లె రాలింది.

"మాట్లాడు నవతా," అన్న. "ఎంత గట్టిగనన్న అరువు. తాళం ఏసింది నేనే."

అరుపు వచ్చింది.

అది ఒక్క గొంతు కాదు. తలుపులు అదిరినయి. రాజేష్ ఫోన్ పడేసి మెట్ల మీదికెల్లి దొర్లిండు. ఆ అరుపుల వినీత అరుపు గూడ ఉన్నది. చేతులు ఊడివచ్చినయి. ఊపిరి గుంజుకున్నది. నా మెడ పట్టుకొని ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన.

ఏడ్చిన గని... నా సప్పుడు నాకు వినవడలే.

కింద మల్లికార్జున్ ఎదురొచ్చిండు. కండ్లు మెరుస్తున్నయి. "కాకా! గా అరుపు ఎవలిది? రికార్డు అయ్యిందా?"

వాని చెంప పగలగొట్టాలనుకున్న. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టిన. పెదవులు ఆడినయి, అంతే. గొంతుల నుంచి గాలి గూడ రాలే.

నిజామాబాద్‌ల ముగ్గురు డాక్టర్లు చూసిండ్రు. గొంతు మంచిగనే ఉన్నదట, ఏ రోగం లేదట. మూడు నెలలాయె. రుచిత అంటది, "బాపూ, ఇల్లంత బోసిపోయింది. తిట్టనన్న తిట్టు నన్ను." ఏం చెప్పాలె? వినీత మాత్రం మునుపటి లెక్కనే గలగల. ఆ గొంతు వింటే చాలు, నా గొంతు పోతే పోనీ అనుకున్న.

లాడ్జి గోడకు బొమ్మలు మల్ల ఏలాడుతున్నయట. దసరాకు రూములన్నీ బుక్కు. పన్నెండిట్ల నేను ఇప్పింది ఒక్క నోరే. పోయేటోళ్లు జర ఆలోచించుకొని పోండ్రి. తాళం సేట్ ఏసిండని నేను చెప్పిన వీడియో అబద్ధం. నేనే ఏసిన. ఇగో, రాసిన.

నిన్న మధ్యాహ్నం వినీత నా మంచం మీద ఓ బొమ్మ పెట్టింది. ఖాకీ బట్ట, నా లాడ్జి అంగిదే. జేబు మీద నూనె మరక. ఆ అంగిని లాడ్జి ఇడిసిపెట్టిన దినమే నేను పొయ్యిల పెట్టి కాలబెట్టిన. బొమ్మకు తెల్ల మీసాలు. మూతి మీద కుట్లు, అడ్డం నిలువు.

ఎవలిచ్చిండ్రని సైగ చేసిన.

"నవతక్క కుడుతున్నది తాతా. ఇంక ఒడువలేదట. నోరు అయిపోయింది, ఇగ తాళం ఏసిన చేతులు కుట్టాలట."

బొమ్మ కుడిచేతికి సూది అట్లనే గుచ్చి ఉన్నది. దారం ఏలాడుతున్నది. మూడు వేళ్లు కుట్టి ఉన్నయి.

ఈ నాలుగు కాయితాలు ఎడమ చేతితోని రాసిన. అక్షరాలు వంకర పోతే ఏమనుకోకుండ్రి.