కడగొట్టింట్లో హాజరు

మా గని కూలోళ్ల ఇండ్ల లైనులో చివరనుండే కడగొట్టిల్లు మంచిది కాదప్పా. గని మూసేసినప్పటినుంచి దానికి తాళమే. పొద్దు వాలితే కుక్కలు కూడా చుట్టు తిరిగి పోతాయి గానీ ఆ గడప ముందర పోవు.

అందులో పిల్లప్ప ఉండాడు.

గనిలోకి దిగే కూలోళ్ల పేర్లు పిలిచి హాజరు వేసుకునే గుమాస్తా. చచ్చి నలభై ఏండ్లయినా పని మానుకోలేదు. మీసాలు ఈ చెవి నుంచి ఆ చెవికి. చీకటి పడితే గోడవతల గొంతు... పేరు పిలుస్తాడు. వయసు చెప్తాడు. ఏ జబ్బో అదీ చెప్తాడు. పేరు పిలిపించుకున్నోళ్లు తొమ్మిదో దినానికి లేరు. అట్ల పోయినోళ్లు నూరుమంది ఉండారు — సరే, నూరు కాకుంటే పది. పదీ కాకుంటే... ముందు కథ వినండి.

మొదట్లో జనం ఆ దిక్కుకే పోలేదు. ఆమీద ఒక్కొక్కరే పోను మొదలుపెట్టినారు. చెవి గోడకానించి నిలబడేది. తన పేరు ఉండాదో లేదో తెలుసుకోకుంటే మనిషికి అన్నం దిగుతుందా?

చిన్నవెంకటమ్మ మాత్రం వినాలని పోలేదు పాపం. బస్టాండు కాడ ఇడ్లీలు అమ్ముకునే మనిషి. మొగుడు లేడు, బిడ్డల్లేరు. ఆ ఇడ్లీ పాత్రే ఆమెకు మొగుడూ బిడ్డలూ. ఆ పొద్దు మిల్లులో పిండి రుబ్బించుకొని బకెట్టు ఎత్తుకొని వస్తా ఉండాది. పక్కన పాల గోపాలప్ప. రాత్రి ఏడు గంటలు. కరెంటు పోయింది.

ఇంగ గోపాలప్ప చెప్పినదే చెప్తాను.

"అక్కా... మాట్లాడకుండా నడువు," అన్నాడంట.

"మాట్లాడతా ఉండేది నువ్వే గదప్పా."

"ష్..."

లోపల — గొంతు.

ఆడదో మొగదో తెలీలేదంట. రేకుల కింద బోలుగా... నిదానంగా... బడిలో అయ్యవారు హాజరు పిలిచినట్ల.

గోపాలప్పకు పట్టిన చెమటకు రెండు పాలక్యాన్లు నిండేవి.

"పేరు... చిన్నవెంకటమ్మ."

ఆమె నిలబడిపోయింది.

"వయసు... నలభై ఎనిమిది."

బకెట్టు జారింది. పిండి పాదాల మీద పరుచుకునింది. ఆమె కదల్లేదు.

"జబ్బు... టీబీ."

గోపాలప్ప అరిచినాడు చూడండి — ఆ అరుపు సరిహద్దు నంగలి దాటి ఆంధ్రాలోకి పోయింది! లైనంతా బయటికొచ్చింది. ఫోన్ల లైట్లు, టార్చీలు, చీపురుకట్టలు. అందరికంటే ముందర ఉరికినది నేనే.

"తలుపు తాకొద్దండ్రా! చస్తారు!" అని గొంతు చించుకున్నాను.

విన్నాడా? గోపాలప్ప కొడుకు మునేష్ వెనక తలుపును భుజంతో ఒక్క తోపు తోసినాడు. గొళ్లెం ఊడి పడింది.

లోపల... నీలం వెలుతురు.

ఆ వెలుతుర్లో తల లేచింది. చెవులకు నల్లని డొప్పలు. ఒళ్లో ల్యాప్‌టాపు. మా మంజుశ్రీ. నా కొడుకు కూతురు.

డొప్పలు తీసి, నన్నే చూసి అనింది —

"అవ్వా... తలుపు మూయి. ఎవరూ వినకూడదు."

ఇంగ దాచి ఏం లాభం.

పిల్లప్ప అనేవాడు ఎప్పుడూ లేడు. నా డెబ్బై రెండో ఏట నేను కన్న కొడుకు వాడు. మీసాలు పెట్టింది కూడా నేనే.

మంజుశ్రీకి బెంగళూరు కంపెనీలో పని, ఇంటినుంచే. కోలారు ఆస్పత్రి రోగుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించి, ఆస్పత్రోళ్లకు ఫోన్లో చదివి సరి చూసుకోవాల. చేరేటప్పుడు కాగితం మీద సంతకం తీసుకున్నారు. తెర ఇంగొకరు చూడకూడదు, మాట ఇంగొకరు వినకూడదు, తలుపున్న గదిలో ఒక్కతే కూచోవాల. మా లైను ఇంట్లో రెండు గదులు, ఏడు మంది, ఒక టీవీ. తలుపున్నది నీళ్లు పోసుకునే బచ్చలికి ఒక్కదానికే.

"కడగొట్టింట్లో కూచోమ్మే, వెనక తలుపుకు తాళం లేదు," అన్నాను.

"ఎవరన్నా వస్తే అవ్వా?"

"రారులే. అది నాకొదిలెయ్."

చిన్న దెయ్యం చాలింటుంది. ఉత్త గొంతు అని ఆపింటే ఎవరూ వచ్చేవాళ్లు కాదు. పేర్లు పిలుస్తుందన్నాను, తొమ్మిది దినాలన్నాను... నా నోరు ఊరుకుంటుందా? జనాన్ని తరమను పెట్టిన దెయ్యం జనాన్ని పిలిచి గోడ కాడ నిలబెట్టింది. చెవులకు డొప్పలేసుకున్న పిల్లకు తన గొంతు ఎంత పెద్దదో తెలీలేదు.

అప్పటికే గోపాలప్ప టీబీ, టీబీ అని పదిమందికి చెప్పేసినాడు. చిన్నవెంకటమ్మ పిండి కాళ్లతో నడిమధ్యన నిలబడి ఉండాది. అందరూ ఒక్కడుగు వెనక్కి వేసినారు.

ఆ అడుగుల్లో నాదీ ఒకటి.

మంజుశ్రీ ఏదో చెప్పబోయింది. "అది ఇప్పుడు..." అని నోరు మూసుకునింది. ఇంటికొచ్చినాక అడిగితే, "ఆమె సంగతి ఆమె చెప్పుకోవాలవ్వా. నేను చెప్పినది చాలు," అనింది. ఆ రాత్రే కంపెనీకి తనే ఫోను చేసి, జరిగినది జరిగినట్ల చెప్పింది. మూడోనాడు ఒకాయన వచ్చి ల్యాప్‌టాపు పెట్టెలో పెట్టి సీలేసుకొని పోయినాడు. పని ఉంటుందో లేదో తరువాత చెప్తారంట. పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అనింటే తేలికయ్యేదాన్ని.

ఆ మరుసటి దినం పొద్దున బస్టాండుకు పోయినాను. పాత్ర నిండుగా ఇడ్లీలు, ఆవిరి కూడా పోయినవి. ఎదురు అంగడి కాడ మాత్రం జనం.

నన్ను చూసి చిన్నవెంకటమ్మ ముక్కాలిపీట జరిపింది. నేను కూచోలేదు.

"ఐదో నెల మందు అత్తా," అనింది. "ఇంగ అంటదని మూడు నెలల కిందటే డాక్టరు చెప్పినాడు. ఈడ ఎవరికీ తెలవకూడదనే కోలారు దాకా పోతి."

ఆ పీటను మళ్లా ఆమె దిక్కుకే జరిపినాను.

"దెయ్యమే అయింటే బాగుండేది," అనింది మళ్లా. "దెయ్యం మాటైతే సగంమందన్నా నమ్మరు."

"ఊరంతా తిరిగి చెప్తానమ్మా, అంటదని! ఇంటింటికీ పోతాను, ఒట్టు!" అన్నాను.

ఆమె నా మొగం చూసింది. కోపం లేదు ఆ చూపులో.

"వద్దత్తా," అనింది, ఇడ్లీల మీద గుడ్డ కప్పుతా. "నువ్వు ఏమీ చెప్పకుంటే చాలు."